కెమెరా వస్తుందని కడిగాను

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇది రాయమన్నది మా హాస్టల్లో చదివే ఒక అమ్మాయి. "మాకు సెప్పినట్టే రాసీ పిన్నీ, తప్పులుంటే నేను దిద్దుతాను" అంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. తప్పు నాదే కాబట్టి ఆ తప్పు దగ్గరికే వస్తాను. కాని దానికి ముందు నీళ్ళ సంగతి చెప్పాలి.

చోడవరంలో ఒక కాలేజీకి ఆడపిల్లల హాస్టల్ ఉంది. నేను అక్కడ ఊడుస్తాను, బాత్‌రూములు కడుగుతాను. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయిస్తామని పట్టుకెళ్ళారు, మళ్ళీ తేలేదు. రోజు విడిచి రోజు ట్యాంకర్ వచ్చేది. వంటకి, తాగడానికి పోగా మిగిలిన నీళ్ళు బాత్‌రూములకి. ఎనిమిది బాత్‌రూముల్లో రెండే వాడుకునేటట్టు ఉండేవి. పొద్దున్నే పిల్లలు బకెట్లు పట్టుకుని వరసలో నిలబడేవారు. కాలేజీకి టైమైపోతే బకెట్ అక్కడే వదిలేసి పోయేవారు.

అన్నాల దగ్గర నీళ్ళ గ్లాసులు పోసినవి పోసినట్టే ఉండిపోతున్నాయని నేను చాలా రోజులకి గాని గమనించలేదు. దేవరాపల్లి అవతల ఊరినుంచి వచ్చిన ఒక అమ్మాయిని అడిగాను.

"ఏటమ్మా, నీళ్ళు తాగవేటి?"

"తాగితే ఎల్లాలి కదా పిన్నీ. ఎక్కడికెల్తాం?" అని నవ్వింది.

ఆ నవ్విన పిల్లకే ముందు జబ్బు చేసింది. చలిజ్వరం, ఒంటికి పోతే మంట, నడుం పట్టుకుని లేవలేకపోయింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మందులు రాసి, "నీళ్ళు బాగా తాగాలి, ఆపుకోకూడదు" అంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వాళ్ళ నాన్న చెరకు పని వదులుకుని వచ్చాడు. కోపిష్టి మనిషి కాదు. కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు మాత్రం, "ఇంకోసారి ఇలగైతే తీసుకెల్లిపోతాను. ఈ సదువు సాలు మనకి" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. మంచం పక్కనున్న పుస్తకాల సంచీని కాలితో కిందకి నెట్టింది, ఆయనకి కనపడకుండా.

అప్పటినుంచి నా కళ్ళు ఆ పిల్ల గ్లాసు మీదే ఉండేవి. నన్ను బడి మాన్పించినప్పుడు ఎవరూ ఆగమనలేదు. అంతకంటే ఎక్కువ రాయలేను.

ఆ నెలలోనే కాలేజీలో పిల్లల్ని సినిమా తియ్యమన్నారు. కథ సినిమా కాదు, ఉన్నది ఉన్నట్టు తీసేది. మన కాలేజీలో ఏ కష్టం ఉందో పది నిమిషాల్లో తీసి చూపించాలి. శనివారం హాల్లో తెర మీద వేస్తారు, ప్రిన్సిపాల్‌గారు, బయటినుంచి పెద్దవాళ్ళు చూస్తారు. దేవరాపల్లి అమ్మాయి, ఆమె స్నేహితురాలు రావికమతం అమ్మాయి కలిసి నీళ్ళ గురించి తీస్తామన్నారు. రావికమతం అమ్మాయి ఫోన్లో బొమ్మ బాగా పడుతుంది. మాట కూడా గట్టిది.

"గురువారం పొద్దున్న వస్తాం పిన్నీ, బాత్‌రూములు తియ్యాలి" అంది.

"నన్ను తియ్యకండమ్మా."

"నీ మొకం తియ్యంలే. బాత్‌రూములే."

బాత్‌రూములు తెర మీద పడతాయి, పెద్దవాళ్ళు చూస్తారు. నాకు తలకెక్కింది అంతే. అవి కడిగేదాన్ని నేను. మా వీధిలో ఇళ్ళ కాగితాల కోసం ఫోటోలు తియ్యడానికి వస్తున్నారంటే మా అత్త గేదెని కూడా కడిగి నిలబెట్టింది. ఫోటో అంటే మాకు అదే తెలుసు.

గురువారం తెల్లారకముందే వెళ్ళాను. హాస్టల్ ఎదురుగా రోడ్డు దాటితే చెరకు తోట, అందులో బోరు. ఆ వేళకి కరెంటు ఉంటుంది. రైతుని బతిమాలితే, "తోడుకోమ్మా, గట్టు మాత్రం తొక్కీకు" అన్నాడు. రెండు ప్లాస్టిక్ బిందెలతో పందొమ్మిది సార్లు తిరిగాను. బ్లీచింగు చల్లాను, యాసిడ్ పోసి రుద్దాను. ఎనిమిది బాత్‌రూముల్లోనూ డ్రమ్ములు నింపాను. గడప గడపకీ ముగ్గు పెట్టాను. చేతులు మండిపోతున్నాయి, అయినా లోపల సంతోషంగా ఉంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని మెట్ల మీద కూర్చున్నాను.

ఇద్దరూ ఫోన్ పట్టుకుని వచ్చారు. దేవరాపల్లి అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మా! ఏటి సేసీసేవు పిన్నీ?"

"కడిగేసేను. ఫోటో తీస్తామన్నారు కదమ్మా!"

రావికమతం అమ్మాయి తలుపులన్నీ ఒక్కొక్కటే తీసి చూసి, మెట్టు మీద కూలబడింది. "మేం కంపు తియ్యడానికొచ్చేం పిన్నీ. నీ ముగ్గులు తియ్యడానికి కాదు."

"కంపు ఫోన్‌లో పడదు కదే" అంది రెండో పిల్ల.

"ఈగలైనా పడతాయి కదా! సూడు, ఒక్క ఈగని కూడా ఒగ్గలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ రావికమతం అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు నేను ఏం చేశానో.

"పారబోసీమంటారా?" అని అడిగాను.

అప్పటికే పిల్లలు బకెట్లతో వచ్చేస్తున్నారు. ఎనిమిది తలుపులూ తెరిచి ఉండటం చూసి అరుచుకుంటూ పరుగెత్తుతున్నారు. ఆ నీళ్ళు పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి? రావికమతం అమ్మాయి ఊరికే ఉండలేక ఆ శుభ్రమైన బాత్‌రూముల్నే ఫోన్లో తీసుకుంది, నీళ్ళు, ముగ్గులు, అన్నీ.

ఆ గోలకి వార్డెన్ మేడమ్‌గారు వచ్చారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పైనుంచి తిట్లు తిని తిని ఉన్నారు. బాత్‌రూములు చూసి ఆవిడ ముఖం విప్పారింది. తన ఫోన్‌తో ఒక్కొక్కటీ ఫోటో తీసి అక్కడికక్కడే ఆఫీసుకి పంపేశారు.

"ఏమే, ఇన్నాళ్ళూ ఈ పనితనం ఎక్కడ దాచేవు? చూసేరా పిల్లలూ, నీళ్ళు లేవు, నీళ్ళు లేవని ఊరికే గోల."

మధ్యాహ్నానికి ఆఫీసు నుంచి కబురొచ్చింది. హాస్టల్లో నీళ్ళున్నాయి కదా, రేపు ట్యాంకర్ అక్కర్లేదని. బాత్‌రూముల దగ్గర ఇక ఫోన్లు పట్టుకోకూడదని మేడమ్‌గారు కూడా గట్టిగా చెప్పారు. సాయంత్రానికి నేను నింపిన డ్రమ్ములు ఖాళీ అయిపోయాయి.

శుక్రవారం చుక్క లేదు. బోరు దగ్గరికి పరుగెత్తాను, కరెంటు లేదు. వంటకి పక్క ఇళ్ళనుంచి తెచ్చారు. పిల్లలు ముఖాలు కూడా కడుక్కోకుండా కాలేజీకి వెళ్ళారు. పదకొండింటికి దేవరాపల్లి అమ్మాయి వెనక్కి వచ్చేసింది, కాలిపోతున్న ఒంటితో. మేడమ్‌గారు వాళ్ళ నాన్నకి ఫోన్ చేశారు. రేపు వస్తానన్నాడు. ఎందుకు వస్తాడో అందరికీ తెలుసు.

నేను మోసిన నీళ్ళే ఆ పిల్ల చదువుకి ఎసరు పెట్టాయి. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో. మేడమ్‌గారి గదికి వెళ్ళి చెప్పేశాను.

"ఆ నీళ్ళు మనవి కావమ్మా. చెరకు తోటలోంచి మోసేను."

ఆవిడ కుర్చీలోంచి లేచిపోయారు. "ఎవరు మొయ్యమన్నారే నిన్ను? ఫోటోలు వెళ్ళిపోయాయి కదా! ఇప్పుడు ఆఫీసుకి ఏమని చెప్పను, అబద్ధం పంపేనని చెప్పనా?" మళ్ళీ కూర్చుని, మెల్లగా, "వెళ్ళు, ఇంకెక్కడా అనకు" అన్నారు.

పిల్లల గదికి వచ్చి అదే చెప్పాను. రావికమతం అమ్మాయి ఫోన్ తీసింది.

"ఈ మాటే నాకు సెప్పు పిన్నీ. నిన్న తీసిన బాత్‌రూముల మీద నీ మాట పెడతాను. మొకం సూపించను."

"మాట ఇంటే తెలిసిపోదేటమ్మా?"

తెలియకేం. ఊడ్చేటప్పుడు నేను అరిచే అరుపులు హాస్టలంతా ఎరుగుదురు. నన్ను పనిలో పెట్టింది కాలేజీ కాదు, కాంట్రాక్టరు. రేపటినుంచి రావద్దంటే అంతే. చెరకు నరికే రోజులు తప్ప మా ఆయనకి పని ఉండదు. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

దుప్పటి లోపలినుంచి దేవరాపల్లి అమ్మాయి అంది: "వద్దులేవే. పిన్నికి పని పోద్ది. ఒగ్గీ."

ఆ పిల్ల అలా అనకపోతే నేను వెళ్ళిపోయేదాన్నేమో. నేల మీద కూర్చున్నాను.

"ఎక్కడ సూడాలి?"

"ఎక్కడా సూడొద్దు. మోసింది మోసినట్టు సెప్పు."

చెప్పాను. బోరు దగ్గరినుంచి మొదలుపెట్టి ముగ్గుల దాకా చెప్పాను. పిల్లలు నీళ్ళెందుకు తాగరో చెప్పాను. అయిపోయాక నోరు ఎండిపోయింది, తాగడానికి ఆ గదిలో నీళ్ళు లేవు.

శనివారం హాలు నేనే ఊడ్చాను. జనం కూర్చున్నాక తలుపు పక్కన నిలబడ్డాను. తెర మీద నా బాత్‌రూములు పడ్డాయి. అంత పెద్దగా నేను వాటిని ఎప్పుడూ చూడలేదు. ముందు వరసలో ఎవరో, "బాగా ఉంచేరే" అన్నారు. అంతలో నా గొంతు వచ్చింది. "ఈ నీళ్ళు మా హాస్టల్‌వి కావు బాబూ. తెల్లారకుండా నేను మోసేను. ఫోటో తీస్తామంటే సిగ్గేసి మోసేను..." అక్కడ ఉండలేక హాస్టల్‌కి పరుగెత్తాను.

దేవరాపల్లి అమ్మాయి నాన్న అప్పటికే వచ్చేశాడు. బొంత చుట్టి తాడు కడుతున్నాడు. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది.

"బాబూ, అక్కడ పెద్దోళ్ళు సూస్తన్నారు. ఈ పిల్ల, మీ గుంటే తీసింది. రెండ్రోజులాగండి, మోటారొస్తాది" అన్నాను.

"సినిమా సూస్తే నీళ్ళొస్తాయేటమ్మా?"

"నాన్నా, పది నిమిషాలు. సూసొచ్చేద్దాం" అంది పిల్ల.

"నిలబడలేకపోతన్నావు, సినిమా ఏటే?" ఆయన ముడి బిగించి, నా వైపు చూడకుండా, "నీళ్ళొచ్చేక ఫోన్ సెయ్యమ్మా" అన్నాడు.

ఆటోలో పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాల్లో చప్పట్లు కొడుతున్నారు, రోడ్డు మీదకి వినపడ్డాయి. ఆ పిల్ల ఒకసారి అటు తిరిగింది. ఆటో వెళ్ళిపోయింది. తన ఎర్ర బకెట్ వరండాలో మరిచిపోయింది.

పది రోజులకి కొత్త మోటారు దిగింది. కాంట్రాక్టరు మనిషి నన్ను రావద్దన్నాడు. తర్వాత బాత్‌రూములు కడగడానికి ఇంకెవరూ దొరక్క మళ్ళీ రమ్మన్నాడు. మేడమ్‌గారు నాతో మాట్లాడరు. పని మాత్రం వేరే పిల్లల చేత చెప్పిస్తారు.

నీళ్ళు వచ్చిన రోజే ఆ పిల్ల నాన్నకి ఫోన్ చేశాను. నాట్లు అయ్యాక చూద్దామన్నాడు. నాట్లయ్యాయి. మళ్ళీ చేస్తే ఇంకా నీరసంగా ఉందన్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇక్కడ ఆమె మంచం మీద ఇంకో పిల్ల పుస్తకాలు పెట్టుకుంటోంది.

మొన్న ఆదివారం బాత్‌రూములు కడుగుతూ మళ్ళీ చేశాను. ఆ పిల్లే తీసింది.

"పిన్నీ, నిజంగా వస్తన్నాయా? నా మీదొట్టు?"

"నీ మీదొట్టమ్మా. ఎనిమిదింటిలోనూ."

"మా నాన్న నమ్మట్లేదు. సినిమా నా ఫోన్‌లో సూసేడు. అప్పట్నుంచి మరీ నమ్మట్లేదు. ఉండు, ఇస్తన్నాను."

ఫోన్ చెయ్యి మారిన చప్పుడు. ఆయన ఊపిరి వినపడుతోంది. ఎర్ర బకెట్ కొళాయి కింద పెట్టి తిప్పాను. ఫోన్ దాని దగ్గర పట్టుకున్నాను.

అప్పుడడిగాడు. "ఇవి నువ్వు మోసినవి కావు కదమ్మా?"

"కావు బాబూ. కొళాయివి. ఇనండి."

బకెట్ నిండి నా పాదాల మీదుగా పారింది. మొన్న ఎండాకాలమంతా ఒక్క చెంబుడు నీళ్ళు పారబోసినదాన్ని కాను. ఆయన వింటున్నాడు కదా అని కొళాయి అలాగే వదిలేశాను.