అటక మీది అట్టలు

మొన్న పొద్దున తెరిచేసరికి నా ల్యాప్‌టాప్ నన్నెన్నడూ ఎరగనట్టు మొహం పెట్టింది. కొత్త వెర్షన్ దానంతట అదే వచ్చి కూర్చుందట. బడిలో పంతులమ్మగా ఇన్నేళ్లూ పోగుచేసుకున్న తెలుగు పాఠాలు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి. హోట్గి రోడ్‌లో ఉండే మా అమ్మాయి వచ్చి చూసి, దీన్ని మళ్లీ పాత వెర్షన్‌కు తిప్పేస్తే సరిపోతుంది, ఒక్క మీట నొక్కడమే అంది. లోపలివన్నీ ఉంటాయా అని అడిగాను. ఉంటాయంది. మళ్లీ అడిగాను, విసుక్కుంది. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు గాని, మా ఇంట్లో ఒకసారి ఇలాగే పాతదానికి పోయామని, ఆ పోవడంలో మా బాపు సగం పోయాడని దానికెలా చెప్పను?

సోలాపూర్ భవానీ పేట్‌లో మాది రెండు గదుల ఇల్లు. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాడైతే, ఆయన కొడుకు, మా బాపు, మగ్గం మీద కూర్చోకుండా చాదర్లకు నక్షలు, అంటే నేత డిజైన్లు, గీసే పని నేర్చాడు. గళ్ల కాగితం మీద గడిగడికీ రంగు నింపి, దాన్నిబట్టి దళసరి అట్టలకు రంధ్రాలు పొడిచి, ఆ అట్టల్ని వరసగా దారంతో కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది ఆగాలో ఆ రంధ్రాలే మగ్గానికి చెప్పేవి. ఊరి చుట్టూ ఉండే జొన్న చేలను చూసి బాపు వేసిన కంకుల అంచు ఒకటుండేది. ఆ అంచున్న చాదరు పరుచుకుంటే చేను గట్టున పడుకున్నట్టుంటుందని పేటలో అనుకునేవాళ్లు. పని అయిపోయిన అట్టల కట్టలన్నీ అటకెక్కేవి. వాటి కిందే మా అవ్వ, అంటే అమ్మ, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, ఆ పక్కనే మా పక్కలు, ఆ మూలే పొయ్యి. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని బాపు ఆమెను ఉడికిస్తే, "ఇరకటం జేసింది నీ అట్టలే, నేను గాదు" అని అవ్వ చాట మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చేది.

తర్వాత బాపు కళ్లు మసకబారాయి. వయసు వల్లనేమో అనుకున్నాం. తీరా పెద్దాసుపత్రిలో చూపిస్తే కాచబిందు, అంటే గ్లకోమా, అన్నారు, పోయిన చూపు ఇక తిరిగి రాదన్నారు. గళ్ల కాగితం బాపుకు వట్టి తెల్లకాగితమైపోయింది. ఆయన ఏడవలేదు గాని, గోడకానుకుని కూర్చుని వేళ్లతో మోకాలి మీద ఏవో గళ్లు గీసుకుంటూ ఉండేవాడు. కళ్లు పోతే పోయినయి, నక్షలున్నన్ని దినాలు నేనున్నట్టే అనేవాడు. ఆ ఒక్క ధైర్యమే ఆయన్ని నిలబెట్టింది.

తొంభైల చివర్లో ఆ ధైర్యానికి మా అన్న ఒక దారి చూపించాడు. అన్న పనిచేసే కార్ఖానా సేటు కంప్యూటర్లు కొత్తవి కొనుక్కుంటూ, ఇటుకంత బరువున్న ఒక పాత ల్యాప్‌టాప్‌ను అన్నకిచ్చాడు. అందులో నక్షలు గీసే ప్రోగ్రాం ఒకటుంది. ఆ వానాకాలమంతా, అప్పుడే పంతులమ్మగా చేరిన నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ చాప మీద పక్కపక్కన కూర్చుని ఉండేవారు. బాపు అట్టను ఒళ్లో పెట్టుకుని రంధ్రాలను వేళ్లతో తడుముతూ పైకి చదివేవాడు, అన్న దాన్ని విని తెర మీద గడి నింపేవాడు. చూపులేని మనిషి అట్ట చదవగలడని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు, బాపుకే తెలియదు. చాలాకాలం తర్వాత ఆయన గొంతులో పాత పెంకితనం వినిపించింది, అన్న తప్పు నింపితే తిట్టేవాడు కూడా. జొన్నకంకుల అంచు పూర్తయిన రోజు అవ్వతో చక్కెర ఎక్కువేయించి చాయ్ పెట్టించుకున్నాడు.

చలికాలం వచ్చింది. మా వాకిట్లో నీళ్లు కాచుకునే రాగి బంబు ఉండేది, సోలాపూర్‌లో ఆ రోజుల్లో బంబు లేని ఇల్లు లేదు. కట్టెల ధర మండుతోంది, అన్నకు పెళ్లి కుదిరింది, వచ్చే కోడలి పెట్టెకు చోటు కావాలి. "అన్ని కంప్యూటర్ల ఎక్కినయి గదా, ఈ పాత రద్దీ అట్టలు ఇంకెందుకు? బంబుల ఏస్తే నీళ్లన్న కాగుతయి" అంది అవ్వ. అన్న సరేనన్నాడు, మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. బాపుకు చెప్పాలన్న తలంపే ఎవరికీ రాలేదు. ఆ అట్టలు భలే మండేవి. అటక ఖాళీ అవుతుంటే ఇల్లు కాస్త విశాలమైనట్టనిపించింది. ఈ యేడు నీళ్లు మంచిగ కాగుతున్నయని బాపు సంబరపడుతూ రెండు చెంబులు ఎక్కువే పోసుకునేవాడు.

పెళ్లయిన కొన్నాళ్లకు, కొత్త సిస్టం వేస్తే ల్యాప్‌టాప్ చురుగ్గా పనిచేస్తుందని స్నేహితుడెవరో చెబితే అన్న వేయించాడు. తెర రంగురంగులుగా మారింది గాని నక్షల ప్రోగ్రాం తెరుచుకోనని మొండికేసింది. సరిగ్గా అప్పుడే సేటు దగ్గరికి పాత వ్యాపారి ఒకాయన వచ్చి జొన్నకంకుల అంచు చాదర్లు మళ్లీ కావాలన్నాడు. పాత సిస్టంకు తిరిగి పోవడం తప్ప దారి లేదు. ఆ రోజుల్లో తిరిగి పోవడమంటే ఉన్నదంతా తుడిచేసి మొదటి నుంచి వేయడమే. అన్న అంత తెలివితక్కువవాడేం కాదు, నక్షలన్నీ ముందే ఫ్లాపీల్లోకి ఎక్కించి గూట్లో దాచాడు. కాని ఆ గూడు అవ్వ బీడీల పొగాకు చెరిగే చోటికి సరిగ్గా పైన ఉందని, వీధంతా మగ్గాల నూలు ధూళేనని ఎవరికి తట్టింది? పాత సిస్టం చక్కగా వచ్చింది. ప్రోగ్రాం తెరుచుకుంది. ఫ్లాపీ పెడితే మాత్రం గరగరమని గీరుకుంది తప్ప ఏమీ చూపించలేదు. రెండోదీ అంతే, చివరిదీ అంతే.

అన్న మళ్లీ మొదటిది పెట్టి చూశాడు. బాపు గోడకానుకుని అంతా వింటున్నాడు. కొడుకు భయం తెలిసినట్టుంది, చాలా నెమ్మదిగా అన్నాడు.

"అసూ దే బిడ్డా. అండ్ల పోతే ఏమాయె, అటక మీద అట్టలున్నయి గదా. దించు. మళ్ల ఏళ్లతోని సదివి చెప్త."

మరాఠీలో 'పోనీలే' అనడానికి మా ఇళ్లలో అసూ దే అంటాం. దించుమంటే ఎవ్వరూ లేవరేందని బాపు మళ్లీ అడిగాడు. అవ్వ చేతిలోని బీడీ ఆకు నలిగిపోయింది. చివరికి చెప్పింది ఆమే. బంబుల ఏసినమయ్యా, చలికాలమంతా, అంది. బాపు తన చేతుల్ని ఒకదానితో ఒకటి తడుముకుని, నేను పోస్కున్న నీళ్లేనా, అని మాత్రం అడిగాడు.

ఆ అంచున్న చాదరు కోసం అన్న పేటంతా తిరిగాడు. నేసేవాళ్ల ఇళ్లలో మంచి చాదర్లు ఉండవు, అన్నీ ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటాయి. జ్ఞాపకం మీద చెప్పబోయి బాపు మధ్యలో తడబడ్డాడు, ఎక్కడ తడబడ్డాడో ఆయనకే అంతు చిక్కలేదు. సేటు ఇంకో నక్షగాడిని చూసుకున్నాడు. బాపు తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి ఆయన చన్నీళ్లే పోసుకున్నాడు. ఎముకలు కొరికే చలిలో అవ్వ బంబు ముట్టించి పిలుస్తుంటే, గోడ పట్టుకుని నల్లా దగ్గరికి పోయేవాడు.

ఆఖరి చలికాలం దగ్గు ముదిరి మంచం పట్టినప్పుడు, వేడినీళ్లతోనే ఒళ్లు తుడవమని డాక్టరు చెప్పాడు. అవ్వ గిన్నె తెచ్చి పక్కన కూర్చుని తడిగుడ్డ చెయ్యి మీద పెట్టగానే బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దేంతోని కాగబెట్టినవే?"

గ్యాసు మీద, అంది అవ్వ. అప్పుడు చెయ్యి చాపాడు.

మా అమ్మాయి మీట నొక్కింది. ల్యాప్‌టాప్ కాసేపు నల్లబడి, తిరిగి పాత మొహంతో లేచింది, నా పాఠాల్లో ఒక్క అక్షరం చెదరలేదు. చూశావా, ఏం పోలేదు, ఊరికే భయపడ్డావ్ అంది. నిజమే, ఇప్పుడు వెనక్కి పోవడానికి ఏమీ తగలబెట్టక్కర్లేదు. పేటలో బంబులూ లేవు, అందరి ఇళ్లలో గీజర్లే, నక్షలు గీసే పిల్లలకు అట్టంటే ఏమిటో తెలియదు. తెలియక్కర్లేదు కూడా. నేను మాత్రం చలికాలం పొద్దున మొదటి చెంబు ఎత్తినప్పుడు, నీళ్లు మంచిగ కాగినయన్న మాట ఇప్పటికీ నోటితో అనలేను.