అరచేతిల పెండ్లిపిల్ల

భాయ్, ముందుగాల చాయ్ గ్లాస్ కింద పెట్టుండ్రి, మీద పోసుకుంటరు. మొన్న నా వల్ల పెండ్లయిన రెండు గంటలకే విడాకులు అయితుండె!

డిగ్రీ మధ్యల ఇడిసిపెట్టినోనికి కెమెరా ఎవడిస్తడని నవ్విండ్రు కదా? మా మొఘల్‌పురా స్టూడియో ఓనర్ సలీం భాయ్ ఇచ్చిండు. ఏడాది సంది లామినేషన్ మిషన్ కాడ్నే కూసున్న నేను. "మొదటిసారి ఒక్కనివి పోతున్నవ్. హుషారి మత్ కర్, అతి తెలివి సూపకు. ఖరాబ్ చేసినవంటే మళ్ల లామినేషనే!" అన్నడు.

కంచన్‌బాగ్ దిక్కు ఫంక్షన్ హాల్. తాళి, తలంబ్రాలు అన్నీ మంచిగ తీసిన. అందరు తినుడు మీద పడ్డరు. గప్పుడు పెండ్లికొడుకు మెల్లగ వచ్చి, "అన్నా, మా బాపు పెండ్లి ఆల్బంల మా అమ్మ ఇంత చిన్నగ, ఆయన అరచేతిల నిలబడి ఉంటది. నాగ్గూడ గట్ల కావాలె" అన్నడు.

కంప్యూటర్ల అయితే పది నిమిషాల పని. నేనాగుతనా? "లైవ్‌ల కొడ్తా అన్నా!"

హాల్ ముందటి ఖాళీ జాగల ఆయనను నిలబెట్టి చెయ్యి సాపమన్న. దూరం పోతేనే కదా పిల్ల చిన్నగ కనవడేది? "అక్కా, ఎనకకు... ఇంకా ఎనకకు..." ఒకటే ఎండ, పైకెల్లి పట్టుచీర బరువు. పాపం, ఏడుపు మొఖం పెట్టుకొని గేటు దాకా పోయింది. నేనేమో ఆంగిల్ కోసం ఒక కారు ఎనక బోర్ల పండుకున్న, ఎవ్వలికి కనవడ.

ఇగ హాల్‌లకెల్లి సూసేటోళ్లకు ఏం కనవడ్తది? పిలగాడు చెయ్యి సాపి బతిమాలుతుండు, పిల్ల గేటు దాటుతుంది!

"అయ్యో, పిల్ల ఎల్లిపోతుందే!" అని ఒక పెద్దమ్మ ఒర్లింది. మస్తు లొల్లి! ప్లేట్లు ఆడ్నే పెట్టి అందరు ఉరికిండ్రు. పిల్ల తండ్రి అందరికంటే ముందుగాల గేటు కాడికి పోయిండు.

"బిడ్డా! ఏమన్నడు నిన్ను?"

"ఆయన ఏమనలే బాపూ! గా కెమెరా అన్ననే ఎనకకు పొమ్మన్నడు!"

"ఏ అన్న?"

ఆమె వేలు పెట్టి చూపింది. పెద్దమనిషి బిడ్డకు అడ్డంగ నిలబడి, నా దిక్కు తిరిగి చెప్పు తీసి లేపిండు. పెండ్లికొడుకు ఇంకా సాపిన చెయ్యి దించనే లే. నేను లేసి ఉరకబోతుంటే వేలు బటన్ మీద వడ్డది. టక్!

తెల్లారి సలీం భాయ్ కంప్యూటర్ల తెరిచి సూసిండు. లైటింగ్ సూపర్. ఫోకస్ సూపర్. అల్లుని అరచేతిల సక్కగ నిలబడ్డడు మామ, చెప్పు లేపి!

సలీం భాయ్ లామినేషన్ మిషన్ దిక్కు చెయ్యి చూపిండు.

పెండ్లికొడుకు ఫోన్ చేసి గదే ఫోటో పెద్దగ కావాలన్నడు. ఇయ్యాల పొద్దుగాల నేనే లామినేషన్ చేసిన.

ఒక్క బుడగ గూడ రాలే భాయ్. గా పని మాత్రం నాకు మస్తుగ వస్తది!