నీలం తొట్టి, నిప్పుకొండలు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో నేను ఏడ్చిన ఏడుపుల్లో ఒక్కటే పనికొచ్చింది. అది ఒక లంగా కోసం ఏడ్చిన ఏడుపు.

మరుసటి రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన ముందు పొడుపు కథలు వేసే పని నాకు అప్పగించారు. ఎప్పుడూ వెనక వరసలో ఉండేదాన్ని, ఆ ఒక్కసారి ముందుకు పిలిచారు. కాకపోతే నీలం లంగా ఉండాలి. నా పాత లంగా ఏ రంగులో పుట్టిందో దానికే గుర్తులేదు. మా అమ్మ మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టేది. ఓ మగ్గం మీద మిగిలిన తెల్లగుడ్డ అడిగి తెచ్చి కొత్తది కుట్టించి, నీలం వేయించమని పక్కింటి అక్క చేతిలో పెట్టింది. నూలుకు రంగు అద్దే కార్ఖానా వాళ్ళ నాన్నదే. అక్క రోజూ బస్సెక్కి ఆదోని కాలేజీకి పోయి సైన్సు చదివేది.

వాళ్ళ నాన్నను నేను పెద్దనాయనా అనేదాన్ని. ఆయన చేతులు మోచేతుల దాకా నీలమే. అన్నం కలుపుకుంటుంటే సాక్షాత్తూ కృష్ణుడిలా ఉండేవాడు, బీడీ వెలిగిస్తే మాత్రం ఆ భక్తి పోయేది. కాస్టిక్ సోడా పడితే తోలు ఊడుతుందని పిల్లల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. వీధిలో ఆరేసిన నీలం నూలు చూడటమే గానీ, లంగా కోసం అక్క వెంటబడి లోపలికి పోయి రంగు తొట్టిని నేను చూసింది ఆ రోజే.

పెద్దనాయన లంగాను కర్రతో ముంచి, తిప్పి, పైకెత్తాడు. నీలం కాదు గదా, కుళ్ళిన అరటాకులా పసుపూ ఆకుపచ్చా కలిసిపోయి చుక్కలు కారుతోంది. నేను ఊరంతా వినపడేలా ఏడుపు ఎత్తుకున్నాను.

"సెడగొడితివి గదా పెద్దనాయనా! రేపు నేనేం కట్టుకోని పోవల్ల?"

"అరిస్తే నీలమైతాదా? ఊరికే సూస్తాండు," అని దండెం మీద వేసి, బీడీ కోసం బయటికి పోయాడు.

చూస్తూ ఉన్నాను. అంచుల్లో అక్కడక్కడా నీలం మరకలు మొదలయ్యాయి. రంగు చాలలేదనుకుని, అదే కర్రతో లాగి మళ్ళీ తొట్టిలోకి తోశాను. తీస్తే ఆ కాస్త నీలమూ పోయింది. ఇంకోసారి తోశాను. అప్పుడు చూసింది అక్క.

"ఏమ్మే, ఎన్ని తూర్లు నీళ్ళు పోస్తావే దానికి? ఇట్లరా. నేనొక కథ సెప్తా. అది అయిపోయేలోపల నీలం కాకుంటే నా కొత్త ఓణీ నీదే. ఒకటే మాట, లంగాను ముట్టుకోగూడదు."

ఓణీ అనగానే ఏడుపు ఆగింది. నీలం కాకపోతేనే బాగుండునని ఓ క్షణం ఆశపడ్డాను కూడా.

మొట్టమొదట ఈ భూమ్మీద గాలి ఉండేదట గానీ, అందులో మనం పీల్చే ఆక్సిజన్ లేదట. సముద్రంలో కంటికి కనిపించని పాచిలాంటివి కొన్ని ఎండ తాగి ఆక్సిజన్ వదిలేవట. కానీ అవి వదిలింది వదిలినట్టే, నిప్పుకొండలు కక్కిన వాయువులు దాన్ని మింగేసేవట. ఇవి చేయడం, అవి మింగడం, కోట్ల ఏళ్ళు అదే వరస.

"రంగు కరగనీకె ఈ తొట్టిలో ఏసిన మందూ అంతే. గాలి తగిల్తేనే నీలం పుట్టేది. గాలిలోని ఆక్సిజన్‌ను మందు తినేస్తాంటే యాడ పుడుతుంది? నువ్వు ముంచిన ప్రతిసారీ ఒక నిప్పుకొండ పగిల్నట్టే," అంది అక్క.

"అట్లయితే ఆ మందు పారబోద్దామక్కా."

"పారబోస్తే రంగు గుడ్డలోకి దిగదు. నిప్పుకొండలు పోసిన రాళ్ళూ బూడిదే కరిగి ఆ పాచికి ఎరువైనాయి. అవి లేకున్నా కష్టమే, ఊరుకోకున్నా కష్టమే."

పోను పోను కొండలు నెమ్మదించాయట, మింగే వాయువులు తగ్గాయట. అప్పుడు పాచి చేసిన ఆక్సిజన్ కొద్దికొద్దిగా మిగలడం మొదలైందట. మన ముక్కుల్లోకి వచ్చేది ఆ మిగులేనట. అక్క అంతదాకా చెప్పి నా గడ్డం పట్టుకుని దండెం వైపు తిప్పింది. లంగా కుచ్చెళ్ళ మడతల్లో తప్ప అంతా నీలం. చూస్తుండగానే మడతలూ నిండాయి. ఓణీ పోయింది, లంగా దక్కింది. మరునాడు అందరికంటే ముందు నిలబడి పొడుపు కథలు వేశాను. ఒకటి ఇన్‌స్పెక్టరు విప్పలేకపోయాడు.

ఆ లంగా చిరగకముందే నేను బడి మానేశాను. అక్క చెప్పిన పాఠం మాత్రం ఇంకా నడుస్తోంది. ఇంట్లో కోడలితో మాటామాటా వస్తే నేనూ ఓ నిప్పుకొండనే. అనాల్సింది అనేస్తాను, అది కూడా లేకపోతే కాపురం చప్పగా ఉంటుంది. అన్నాక మాత్రం ఆ మాటను మళ్ళీ ముంచి తీయను. అరుగు మీదికి పోయి ఊరికే కూర్చుంటాను. కాసేపటికి లోపలి నుంచి, "అత్తా, టీ పెడ్తాండా, తాగుతావా?" అని వినపడుతుంది. అప్పుడు గుండె నిండా గాలి పీల్చుకుని లోపలికి పోతాను.