పెన్‌డ్రైవ్‌లు గుమ్మం దగ్గరే

ఆ మధ్యాహ్నం మా ముందుగదిలో ఉన్నవి: ఒక కంప్యూటర్, దాని పక్కన బ్లౌజుల మీద కంప్యూటర్ వర్క్ కుట్టే మిషన్, ఫ్రేముకు బిగించిన సగం కుట్టిన ఆకుపచ్చ పట్టు బ్లౌజు, మూడు పెన్‌డ్రైవ్‌లు. ఉన్నవాళ్లు: అమ్మ, కొండపాక నుంచి వచ్చిన అమ్మ స్నేహితురాలు. నేను వెనక వంటింట్లో అన్నం తింటున్నాను కాబట్టి నన్ను సగమే లెక్కేయాలి.

సిద్దిపేట చుట్టుపక్కల ఈ పని చేసే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒకరింటికి ఒకరు పోతే పెన్‌డ్రైవ్‌లో కొత్త డిజైన్లు పట్టుకుపోతారు, అక్కడివి తెచ్చుకుంటారు. ఆ రోజు కొండపాక పెన్‌డ్రైవ్ పెట్టిన అయిదు నిమిషాలకు అమ్మ ఫోల్డర్లన్నీ మాయమై, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు మిగిలాయి. నొక్కితే ఒక్కటీ తెరుచుకోవడం లేదు. అవి తొమ్మిదేళ్ల డిజైన్లు. సగానికి పైగా అమ్మ స్వయంగా గీసినవి. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అమ్మ ఫోన్ స్పీకర్‌లో ఎవరో మాట్లాడుతున్నాడు.

"మేడమ్, మీ ఫైళ్లన్నీ హ్యాకర్ల చేతిలో ఉన్నాయి. యాప్ ఇన్‌స్టాల్ అయ్యింది కదా? అందులో కనపడే తొమ్మిది అంకెలు చదవండి."

"సదువుతున్న బిడ్డా, జర ఆగు, అద్దాలు పెట్టుకోనీ. నా డిజైన్లయితే వస్తయి గదా?"

"గ్యారంటీ మేడమ్."

అమ్మ నాలుగు అంకెలు చదివింది. తొమ్మిదీ పూర్తయితే అక్కడి నుంచే మా కంప్యూటర్ నడిపేలా మౌస్ అతని చేతికి పోయేది. నేను తడి చేత్తోనే ఇంటర్నెట్ వైరు పీకేశాను.

"ఎవరమ్మా గాయన?"

"కంపెనీ సారురా. నెట్ల ఎతికితే మొదాల గీ నంబరే వచ్చింది."

"ఎవడన్నా పెడతడు నెట్ల నంబరు. ముందు ఫోన్ పెట్టెయ్. నేను ఇంట్లనే ఉంటి గదా, నన్నెందుకు పిలువలే?"

"తింటున్నవ్ గదరా. పళ్లెం ముందటికెల్లి మనిషిని లేపుతరా?"

నాలుగేళ్లు కంప్యూటర్లు చదివిన నేను కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాను.

స్నేహితురాలు సంచి సర్దుకుంటోంది. "నా పెన్‌డ్రైవే కొంప ముంచింది అక్కా. మొన్న రాయపోల్‌ల ఒకామె కంప్యూటర్‌కు పెట్టిన, ఆడికెల్లే అంటుకున్నట్టుంది."

"కూసో. కావాలని తెచ్చినవా ఏంది? చాయ్ తాగి పో," అంది అమ్మ.

డ్రైవ్‌లో నిండిన జాగా చూశాను. అది తగ్గలేదు. అంటే ఫైళ్లు చెరిగిపోలేదు, దాగి ఉన్నాయి. ఎన్ని బాగున్నాయో మాత్రం తెలియదు. నా ల్యాప్‌టాప్‌లో వైరస్‌ను పట్టే సాఫ్ట్‌వేర్ దించి, కొత్త పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌ను దానితోనే ఆన్ చేశాను. ఫోన్‌లో అతను పెట్టించిన యాప్‌నూ తీసేయాల్సిన జాబితాలో రాసుకున్నాను. వెతకడానికి గంటన్నర పడుతుందని తెరపై వచ్చింది.

ఆ గంటన్నరలో నేను పెట్టబోయిన మొదటి నియమం: బయటి పెన్‌డ్రైవ్‌లు బంద్.

"ఇంటికొచ్చినోళ్లను వద్దంటనా? గది నాతోని గాదు," అంది అమ్మ.

"వద్దనకమ్మా. నా పాత ల్యాప్‌టాప్ గుమ్మం కాడ పెడత, దానికి నెట్ ఉండదు. ఏ పెన్‌డ్రైవ్ అయినా ముందు దాంట్ల చూసినంకనే లోపటికి."

"అంటే చెప్పులిడిసి వచ్చినట్టు," అంది స్నేహితురాలు. "గట్లయితే మా ఇంట్ల కూడా ఒకటి పెట్టియ్యి కొడుకా. రాయపోల్ ఆమెకు నేనే చెప్త. ఆమె చెప్పులు గాదు, బురద కాళ్లతోనే వస్తది."

అమ్మ మొదటిసారి నవ్వింది. ప్రతి ఆదివారం డిజైన్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టాలని రెండో నియమం రాశాను. మూడోది అమ్మే చెప్పి రాయించింది: నువ్వు తింటున్నా సరే, పిలుస్తా.

వైరస్ పోయాక, దాగిన ఫైళ్లను బయటికి తెచ్చే ఒక్క లైన్ కమాండ్ కొట్టాను. ఫోల్డర్లు ఒక్కొక్కటే తిరిగి కనబడ్డాయి. అమ్మ నా చేతిలోంచి మౌస్ లాక్కుని ఆకుపచ్చ బ్లౌజు డిజైన్ తెరిచింది. మామిడి పిందెల వరుస తెర నిండా పరుచుకుంది. "గిదే! ఆగకు, కడమ ఫైళ్లు గూడ చూడు," అంది.

ప్రతి ఫైలూ తెరిచి చూసేసరికి రాత్రయింది. తిరిగి వచ్చినవి 2,318. తెరుచుకోనివి 6.