ఐదువందల యూనిట్ల ఊపిరి

2023 వేసవి. చెన్నై పెరంబూరులో ఓ రెండు గదుల ఇల్లు. ఇళ్లకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు అద్దెకిచ్చి, వాటి బాగోగులు చూడడం నా పని. కాన్సంట్రేటర్ అంటే గదిలో గాలినే లాక్కుని, అందులో నైట్రోజన్‌ని వడగట్టి, ఆక్సిజన్‌ని గొట్టం ద్వారా ముక్కుకి అందించే పెట్టె. దానికి కరెంటు ఉండాలి, రాత్రీపగలూ తిరగాలి.

గుమ్మంలోనే కోడలు గీత అందుకుంది.

"ఏమన్నా, డొక్కు మిషను తెచ్చి ఈడ పడేసి పోయినారా? అత్తకి ఎనభై ఆరే చూపిస్తా ఉండాది. సాయంత్రానికి అది పైకి ఎక్కకపోతే ఐసీయూలో చేర్చమన్నాడు డాక్టరు."

ఎనభై ఆరంటే వేలికి తగిలించే ఆక్సీమీటరు చూపిన అంకె. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. తొంభైకి దిగితేనే మాకు గుండె దడ. మంచం మీద రుక్మిణమ్మగారు ఆయాసపడుతున్నారు. పక్కన కొడుకు మోహన్, హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసే మనిషి, నన్నే కోపంగా చూస్తున్నాడు.

మా వృత్తిలో తిట్లు జీతంతో పాటే వస్తాయి. నోరు మూసుకుని మిషను పరీక్షించాను. ఫ్లో సరిగానే ఉంది, ఆక్సిజన్ చిక్కదనమూ సరిగానే ఉంది. వెనక అవర్ మీటరు చూశాను. మిషను మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో అది చూపిస్తుంది. తిరగాల్సిన దాంట్లో సగమే తిరిగింది.

"మిషను మంచిదే. ఎవరో ఆపేస్తున్నారు," అన్నాను.

మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులు నాకు నచ్చలేదు. అనవసరంగా నోరు జారానా అని భయమేసింది.

"నేనే నిలిపినా," అన్నారు రుక్మిణమ్మగారు. "మీరిద్దురూ పనికి పోయినాక. మోహనే గదా చెప్పింది, ఆ మిషను ఒకటే కరెంటు తాగతా ఉండాది, నిలిపేస్తే సరి అని."

"ఐయో, అమ్మా! నేను చెప్పింది వాషింగ్ మిషను గురించి!"

గీతకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడితో అయిపోయిందనుకుని నేను సంచీ సర్దుకోబోయాను. రుక్మిణమ్మగారు వదల్లేదు.

"అది ఉండనీ. ఇది ఎంత తాగతాదో నువ్వు నిజం చెప్పు నాయనా."

అబద్ధం చెప్పొచ్చు. కానీ కొడుకు లెక్కల మనిషి, ఆవిడ అతని తల్లి. మూడువందల యాభై వాట్ల మిషను, ఇరవైనాలుగు గంటలు. రోజుకి ఎనిమిది యూనిట్ల పైమాటే. మాకు కరెంటు మీటరు రీడింగు రెండు నెలలకోసారి. ఐదువందలు దాటితే స్లాబు మారుతుంది, అంటే కింది యూనిట్లకు కూడా రేటు పెరుగుతుంది.

"ఇదొక్కటే ఐదువందలమ్మా. ఇంటి వాడకం ఆపైన."

"చూస్తివా, నా లెక్క తప్పు గాదు. నేనొకతెను ఊపిరి పీల్చేదానికి ఇల్లంతా స్లాబు దాటాలనా?" అంటూ ముక్కు దగ్గరి గొట్టం లాగబోయారు.

మోహన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. మెల్లగా గొట్టం సరిచేశాడు.

"దాటనీమ్మా. నువ్వు లేకుండా బిల్లు తగ్గితే, ఆ బిల్లు నేను ఏ కండ్లతో చూసేది?"

ఆవిడ చెయ్యి మెల్లగా దించారు. ఆ తర్వాత ముగ్గురం ఆక్సీమీటరుకే కళ్లప్పగించి నిలబడ్డాం. ఎనభై ఏడు. మళ్లీ ఎనభై ఆరు. చాలాసేపటికి తొంభై దాటింది. ఆ సాయంత్రం ఐసీయూ తప్పింది.

ఇప్పుడు మిషను దించేటప్పుడే కరెంటు ఖర్చు లెక్క వేసి చెబుతున్నాను. బయట వరండాలో గుసగుసగా కాదు, మంచం పక్కనే, పేషెంటు వినేట్టు. బిల్లు కట్టేవాళ్లు కడతామని పేషెంట్ల ముందే అనాలి. మనం చెప్పకపోతే వాళ్లే పడుకుని లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో అన్నిటికంటే ముందు తమనే కొట్టేసుకుంటారు.