రెండో గ్యాస్ బండ

సౌదీ కొండల మీది అభాలో మేము అద్దెకు దిగిన ఇల్లు ఏటవాలు వీధిలో ఉండేది. పై అంతస్తులో ఇంటి యజమాని, కింద మేము. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. సౌదీ అంటే ఎండా ఇసుకా అనుకుని వచ్చిన నాకు మొదటి సాయంత్రమే పళ్లు కటకటలాడాయి. మధ్యాహ్నం దాటితే చాలు, లోయలోంచి మంచు లేచి మా కిటికీ దాకా వచ్చి నిలబడేది.

నా భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. అంతకుముందు కొన్నేళ్లు నర్సుల క్వార్టర్స్‌లో ఒక్కతే ఉండేది. నేను రాజమండ్రి దగ్గర ఒక దినపత్రికకు విలేకరిని. పాప తన పెద్దమ్మ ఇంట్లో పెరిగేది. చివరికి నేను ఉద్యోగం మానేసి, పాపను తీసుకుని ఆమె దగ్గరికి చేరాను. అభాలోనే ఒక విమాన టికెట్ల ఆఫీసులో కుదురుకున్నాను. పాప పుట్టాక ముగ్గురం ఒకే ఇంట్లో ఉండడం అదే మొదలు.

పాపకు ఐదేళ్లు. చలి తగిలితే రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇల్లు దిగిన రోజే నా భార్య షరతు పెట్టింది.

"ఈ చలికి దీనికి గాలి ఆడకపోతే నేను చూస్తూ కూర్చోనండి. క్రిస్మస్ అయ్యాక మా ఆసుపత్రిలో కాకినాడ సిస్టర్ సెలవు మీద ఇంటికి వెళ్తోంది. దాంతో పంపించేస్తాను. అక్క దగ్గరే ఉంటుంది."

"అప్పుడే పంపించే మాటేమిటి? ఇంకా పెట్టెలే విప్పలేదు" అన్నాను.

"పాప పెట్టె విప్పకండి మరి" అంది. నిజంగానే ఆ చిన్న సంచీని సగం సర్ది ఉన్నట్టే బీరువా పక్కన ఉంచింది.

ఇంటి యజమాని తాళాలు ఇస్తూ నా భార్యతో చెప్పిన దాన్ని బట్టి, కరెంటు గురించి మేము ఆలోచించాల్సిందేమీ లేదు. వైరు ఎక్కణ్ణుంచి వస్తుందో, బిల్లూ అక్కణ్ణుంచే వస్తుంది. గ్యాస్ మాత్రం మా ఇష్టం. వీధి పైకి చెయ్యి చూపించి ఒక దుకాణం అన్నాడు, కిందికి చూపించి ఇంకొకటి అన్నాడు.

గ్యాస్ విషయంలో ఎవరి దగ్గర తీసుకోవాలో నన్నే తేల్చుకోమనడం నాకు వింతగా ఉంది. మా ఊళ్లో గ్యాస్ కనెక్షన్ అంటే అప్పట్లో ఒక హోదా. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు, సిఫారసు కూపన్ల కోసం నాయకుల వాకిళ్లలో నిలబడేవాళ్లు. ఇల్లు మారితే బండ తిరిగి అప్పజెప్పి, బదిలీ కాగితం పుచ్చుకుని, కొత్త ఊళ్లో మళ్లీ వరసలో నిలబడాలి. రెండో బండ సంగతి సరేసరి. గ్యాస్ ఏజెన్సీల ముందు క్యూల గురించి, దొంగచాటుగా చేతులు మారే బండల గురించి నేను రాసిన వార్తలు కత్తిరించి అతికిస్తే గోడ నిండుతుంది.

పై దుకాణం ఒక యెమెన్ ముసలాయనది. మా గుమ్మంలోంచి కనిపించేది. కింది దుకాణం బజారు దాటాక రోడ్డు మీద ఉంది. ముందు కిందికే వెళ్లాను. లోపల ఒకతను ఫోనులో ఎవరితోనో తెలుగులో పోట్లాడుతున్నాడు. ఫోను పెట్టి నా వైపు తిరిగాడు.

"తెలుగాయనేనా సార్? నవ్వుతాండారే. యా ఊరు?"

"రాజమండ్రి దగ్గర."

"అబ్బో, గోదారోళ్లు. మాది రాయచోటి. మీ నీళ్లు నాలుగు చుక్కలు మా పక్కకు ఇడిసిపెట్టరాదా సార్."

ఇక నేను పై దుకాణం వైపు చూడలేదు. బండ ఎత్తుకొచ్చాక నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గుమ్మంలో దుకాణం పెట్టుకుని అంత దూరమెందుకు వెళ్లారు?"

"ఆ ముసలాయనకు తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు."

"గ్యాస్ బండకి చెవులున్నాయా, తెలుగులో మాట్లాడ్డానికి?"

రబ్బరు గొట్టం బిగించాను. ఆమె స్టవ్ మీద పాలు పెట్టి, పొంగాక ప్రార్థన చేసింది. కొత్త ఇంట్లో పాలు పొంగించడం, ఆ తర్వాత ప్రార్థన, మా క్రైస్తవుల ఇళ్లలో రెండూ ఉంటాయి.

చలి ముదిరాక చిక్కు మొదలైంది. ఆ ఇంటి వైర్లు పాతవి. కరెంటు హీటరు పెట్టగానే పై అంతస్తుతో సహా చీకటయ్యేది, యజమాని భార్య పైనుంచి నేల తట్టేది. అందుకని గ్యాస్‌తో మండే హీటరు ఒకటి కొన్నాం. దాని వెనక బండ పెట్టుకునే చోటుంటుంది. బండ మాత్రం మాకు ఒకటే. సాయంత్రం తొందరగా వంట ముగించి, స్టవ్ దగ్గర బండ విప్పి, హాల్లోకి దొర్లించుకొచ్చి హీటరుకు బిగించేవాణ్ణి. పొద్దున మళ్లీ వంటింట్లోకి. పాపకు అదొక ఆట. బండ మీద కూర్చుని "పోనీ, పోనీ" అనేది. నా భార్య మాత్రం ఒక కిటికీ రెక్క వేలెడు తెరిచి ఉంచి, ఇంకో బండ తెచ్చుకోమని పోరేది.

"అలా ఎలా ఇస్తారు? దానికో పద్ధతి ఉంటుంది" అనేవాణ్ణి.

రాయచోటి మనిషిని అడగొచ్చు. అడిగితే, తెలుగువాడినన్న మొహమాటానికి అతను దొడ్డిదారిన ఒకటి తీసిచ్చి, రేపు తన దుకాణం యజమాని చేత మాట పడతాడేమోనని నా అనుమానం. దొంగ బండల మీద అన్ని వార్తలు రాసినవాణ్ణి నేనే వెళ్లి అడగడమా అని కూడా ఉండేది.

డిసెంబరులో ఒక సాయంత్రం వీధి దీపాలు కూడా కనిపించనంత మంచు పట్టింది. పాపకు మధ్యాహ్నం నుంచే కూతలు. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫారం మార్చకుండానే మందు పీల్పించింది. కాస్త తెరిపినిచ్చింది. గది వెచ్చగా ఉంటే మళ్లీ రాదు, చల్లబడితే వస్తుంది అంది. అంతలో హీటరు మంట నీలం నుంచి పసుపుకు తిరిగి, వణికి, ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే సందె నమాజుకు పిలిచే మగ్రిబ్ బాంగు వినిపించింది. నమాజు వేళ ఊళ్లో ఒక్క షట్టరు తెరిచి ఉండదు.

రాయచోటి అతనికి ఫోను చేశాను.

"నేను బండి తీసుకుని పక్క ఊరు ఖమీస్ వైపు వచ్చినా సార్. మంచుకు దావ అగుపించల్యా. రాత్రి ఇషా నమాజు అయినాక గాని రాలేను."

నా భార్య పాపను కంబళిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. "కాకినాడ సిస్టర్‌కి రేపు ఫోన్ చేస్తాను" అని మాత్రం అంది.

ఖాళీ బండ భుజాన వేసుకుని వీధి పైకి ఎక్కాను. యెమెన్ ముసలాయన దుకాణం మూసి ఉంది. షట్టరు ముందు బండ దించి, దాని మీదే కూర్చున్నాను. కొంతసేపటికి మంచులోంచి ఆయన నమాజు నుంచి తిరిగొచ్చాడు.

"గాస్ ఖలాస్?"

"ఖలాస్" అన్నాను. తరువాత ఏం చెప్పాలో తెలియలేదు. ఆడపిల్ల అనడానికి "బింత్" అని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని పాప కూత పెట్టినట్టే కూత పెట్టి చూపించాను.

ఆయన నవ్వలేదు. షట్టరు సగం ఎత్తి, నిండు బండ తన భుజానికే ఎత్తుకుని మా ఇంటివైపు దిగాడు. హీటరుకు బిగించి, సబ్బు నురగ రాసి, మంట నీలంగా లేచేదాకా చూశాడు. లేవబోతూ వంటింట్లో ఖాళీగా వేలాడుతున్న గొట్టాన్ని చూసి ఏదో అడిగాడు. ఆసుపత్రి పుణ్యమా అని నా భార్యకు అరబ్బీ బాగా వచ్చు.

"రెండో బండ ఏదని అడుగుతున్నాడండీ."

"దానికి కాగితం కావాలి కదా, ఎవరికి అర్జీ పెట్టుకోవాలో అడుగు."

ఆమె అడిగింది. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి నెమ్మదిగా ఏదో అన్నాడు. ఆ సాయంత్రం ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"పెళ్లి చేసుకోవడానికి కాగితం కావాలిగానీ, అన్నం వండుకోవడానికెందుకు అంటున్నాడు."

ఇషా తర్వాత రెండో బండ మా వంటింట్లో ఉంది. ఆ తర్వాత నేను ఎప్పుడు బండ మార్చడానికి వెళ్లినా ఆ ముసలాయన అధికారిలా మొహం పెట్టి, చెయ్యి చాపి "వరఖా?" అనేవాడు. అంటే కాగితం ఏదని. నేను జేబులు తడుముకునేవాణ్ణి.

ఆ వారంలోనే రాయచోటి మనిషికి విషయం చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"నేనేమనుకుంటి సార్, గోదారోళ్లు పిసినారులు, ఒక్క బండతో చలికాలం ఈడ్చేస్తాండారు అనుకుంటి. అడిగింటే పది ఇయ్యనా?"

"నిన్ను చిక్కులో పెట్టినట్టవుతుందని అడగలేదు."

"మీ పేపరోళ్లింతే సార్. రాసి రాసి, యాడకు పోయినా అదే ఉంటాదనుకుంటారు." టీ తెప్పించాడు. "ఇంక బండలు ఆ పైన పెద్దాయన తావే తీసుకోండి. పాప ఉండే ఇల్లు. టీకి మాత్రం నా తావికే రావాల. లేకుంటే సిస్టరమ్మకు చెప్తా, సార్ అర్జీ పెట్టకుండా అన్నం ఎయ్యొద్దని."

చలి తగ్గలేదు. పాప కూతలు కూడా పూర్తిగా పోలేదు, ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లాయి. కానీ ఇల్లు చల్లబడలేదు. పాపను పంపేదీ లేనిదీ నా భార్య తేల్చి చెప్పలేదు, నేను అడగలేదు. సగం సర్దిన సంచీ బీరువా పక్కనే ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నా చూపు దాని మీదే పడేది.

క్రిస్మస్ దాటాక ఒక సాయంత్రం కాకినాడ సిస్టర్ తన సామాను తూచుకోవడానికి మా ఇంటికి వచ్చింది. స్ప్రింగు తక్కెడ మా దగ్గరే ఉండేది. పెట్టె తెరిచి, ఒక మూల ఖాళీ చూపించింది.

"పాప బట్టలకని చోటుంచానే. సంచీ ఇవ్వు."

నా భార్య సంచీ తెచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి బయటి మంచును చూస్తున్నట్టు నటించాను. ఆమె సంచీలోంచి స్వెట్టర్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అడుగున ఉన్న బూట్లు కూడా తీసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి రెండు పాలపొడి డబ్బాలు తెచ్చి ఆ ఖాళీలో పెట్టింది.

"ఇవి మా అక్కకివ్వవే" అంది.

పాప హాల్లో హీటరు ముందు నిద్రపోతోంది. దులిపి మడతపెట్టి బీరువాలో పెట్టమని నా భార్య స్వెట్టర్లు నా చేతికిచ్చింది.