మార్చిలో గెలవకూడదు

హామిల్టన్‌లో మా హర్లింగ్ జట్టు కోచ్‌గా ఉన్న ఐర్లండ్ ముసలాయనను నేను ఇప్పటికీ క్షమించలేదు. హర్లింగ్ అంటే చెక్క కర్రలతో బంతిని, దొరికితే మనిషిని కూడా బాదే ఆట. మాట్లాడేటప్పుడు కూడా ఆయన కర్ర ఊరుకునేది కాదు. వాక్యానికో దెబ్బ ఎదుటివాడి పిక్క మీద పడేది.

ఆ ఏడు ఐర్లండ్‌లో సీజన్ మొదట్లోనే, మార్చిలో, ఆయన సొంత కౌంటీ, అంటే జిల్లా, జట్టు వరసగా గెలిచింది. ఒక ఆదివారం ప్రాక్టీసులో, ఆయనను మెప్పిద్దామని, "ఈసారి కప్పు మీదే కోచ్!" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. మార్చిలో గెలిచే జట్టు జూలైలో, కప్పు ఫైనల్ వేళకి, చస్తుందని, ముందే పొగిడితే దిష్టి తగులుతుందని వాళ్ల నమ్మకమట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మరుక్షణమే బంతి కోసం దూసుకొచ్చిన ఆయన కర్ర నా చిటికెన వేలు విరిచేసింది.

"చెయ్యి అడ్డం పెడితే విరగదా?" అన్నాడు.

ఎమర్జెన్సీకి ఆయనే డ్రైవ్ చేశాడు. అక్కడ కూర్చున్నాక నా భార్య ఫోన్ చేసింది.

"సారీ చెప్పాడా?"

"లేదు. ఫోన్‌లో వాళ్ల కౌంటీ మ్యాచ్ చూస్తున్నాడు."

"చెప్పేదాకా వదలకండి!"

వదిలే ఉద్దేశం నాకూ లేదు. లేచి ఆయన ఎదురుగా నిలబడి, "మీరు నాకు సారీ చెప్పాలి," అన్నాను.

అప్పుడే మ్యాచ్ ముగిసింది. ఆయన జట్టు చిత్తుగా ఓడిపోయింది.

"ఓడిపోయాం! ఇక జూలై మాదే!" అంటూ ఆయన నన్ను వాటేసుకున్నాడు. మా ఇద్దరి మధ్య వేలు నలిగి నేను కెవ్వుమన్నాను. నేనూ సంతోషంతోనే అరిచాననుకుని, ఆయన ఇంకా గట్టిగా బిగించాడు.